యాభై రెండు ఆదివారాలు

నరసరావుపేటలో ఖలందర్ డీటీపీ షాపు. మధ్యాహ్నం మూడు గంటలు. వచ్చినావిడ వాళ్ళ పక్కింటి కరుణమ్మ టీచరు.

"ఆపమంటే ఆపు ఖలందరూ. ఎందుకని అడగమాక."

"అడక్క ఎట్టా అక్కా? రేపు అంతోని బావ ఏడాది జ్ఞాపకార్థ కూడిక. పుస్తకం మూడొందల కాపీలు. ప్రెస్సోళ్ళు నాలుగింటికల్లా ఫైలు పంపమన్నారు. మీరు రాసిన యాభై రెండు వ్యాసాలూ పేజీలు కట్టేశా. అట్ట మీద బావ ఫొటో కూడా పెట్టా."

"చూశాలే."

"బాలేదా? యూనిఫారంలో ఉంది, కండక్టరు బ్యాగుతో."

"బానే ఉంది. నవ్వుతానే ఉన్నాడు. బస్సెక్కినోళ్ళందరికీ అదే నవ్వు. నువ్విచ్చిన ప్రూఫు నిన్న మొదట్నుంచి చివరిదాకా ఒకే బిగిన చదివా. వారానికొకటి రాసేటప్పుడు తెలియలా. అన్నీ ఒక్కసారే చదివేసరికి రోత పుట్టింది."

"రోతేందక్కా, అంత మాట. ఆదివారం నేను మన బజారు వాట్సాప్ గ్రూపులో పెట్టంగానే ఎంతమంది మెచ్చుకునేవాళ్ళు. తిరుపతమ్మత్త అయితే, మా బజారుకే ఆదర్శ దంపతులని వాయిస్ మెసేజి పెట్టింది."

"అదే రోత. ముప్పయ్యో వారానికి ఎక్కడ ఏడిపించాలో నా చేతికి తెలిసిపోయింది. 'ఆయన కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది' అని రాస్తే చాలు, గ్రూపంతా దణ్ణాలు, ఏడుపు బొమ్మలు. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కాళ్ళు చాపుకుని కూచుంటన్నా, హాయిగా. అది రాశానా? రాయలా."

"మనిషి పోయిన బాధలో అట్టా అనిపిస్తదిలే అక్కా."

"బాధ కాదు నాయనా, అసయ్యం. నా మీద నాకే. పదకొండో వారం ఏం రాశానో చదువు."

"టీ గురించి. 'పొద్దున్నే ఆయనే టీ కాచి మంచం దగ్గరికి తెచ్చేవారు.'"

"ఆయన జన్మలో టీ కాయలా. నేను కాచింది చల్లారిందని గ్లాసుతో సహా విసిరాడు. ఇదిగో, మోచేతి మీద గాజుపెంకు దిగిన గాటు."

"పోనీ, పదకొండోది తీసేద్దాం. ఇంకా యాభై ఒకటి ఉంటయ్యి గదా."

"ఇరవయ్యోది?"

"చీరలది. అది అందరికీ చానా నచ్చింది."

"నచ్చుద్ది. పద్నాలుగు చీరలు. ఒక్కోదాని రంగు, అంచు, కొన్న షాపు, అన్నీ పూస గుచ్చినట్టు రాశా. ఆయన చీర పట్టుకొచ్చిన ప్రతి రోజుకీ ముందురోజొకటి ఉంది ఖలందరూ. ఆ ముందురోజుల్లో ఒక్కటి కూడా రాయలా."

"ఫ్యాను కొంచెం పెంచనా అక్కా? చెమట పట్టింది మీకు."

"మాట మార్చమాక. స్కూటీ నేర్పాడని రాశా. నేర్పాడు, తాళం మాత్రం ఆయన జేబులోనే ఉండేది. బొల్లాపల్లి బడికి పన్నెండేళ్ళు బస్సులోనే పోయా. ఆ బస్సులో ఎవరి పక్కన కూచున్నానో, ఎవరితో మాట్లాడానో సాయంత్రానికి ఆయనకి తెలిసిపోయేది. కండక్టర్లంతా స్నేహితులేగా. దాన్ని నేనెట్టా రాశానో తెలుసా? 'నేను క్షేమంగా చేరానో లేదోనని రోజూ కనుక్కునేవారు.' అబద్ధమాడిన పిల్లలకి గోడకుర్చీ వేయించిన దాన్ని. ఆ వాక్యం ఎట్టా వచ్చింది నాకు?"

"పోయినోళ్ళ గురించి ఎవరైనా మంచే రాస్తారక్కా."

"రాయమన్నది ఎవరు? నువ్వే. సమాధుల తోట నుంచి వచ్చిన నాలుగో రోజు. 'రాయండక్కా, మనసు తేలికవుద్ది, నేను టైపు చేసి పెడతా' అన్నావు. మొదటి వారం ఒక వాక్యం రాసిచ్చా. 'ఆయనకి కోపమొస్తే నాకు భయమేసేది' అని. పోస్టులో అది లేదు."

"పేజీ నిండిపోయుంటది."

"ఫోన్లో పేజీ నిండేదేందిరా?"

"తప్పులు దిద్దేటప్పుడు పోయిందేమో."

"వాక్యం మొత్తం తప్పా? సర్లే, నేనూ ఊరుకున్నా. పోయిందే మంచిదనుకున్నా. రెండో వారం నుంచి నీకు తీసే పని లేకుండా నేనే తీసేసి రాశా."

"మూడుంపావైంది అక్కా. ఇప్పుడు ఆపితే రేపు ఫాదరు గారికేం చెప్తారు? మీ అమ్మాయి షెర్లీకేం చెప్తారు?"

"షెర్లీ కోసమే ఆపమంటన్నా. దానికి సంబంధాలు చూస్తన్నాం. 'నాన్నలాంటోడైతే చాలమ్మా' అంది మొన్న. హాస్టళ్ళలో పెరిగిన పిల్ల. దానికి తెలిసిన నాన్న నేను రాసినోడే. ఈ పుస్తకం దాని చేతిలో పడకూడదు. ఇదిగో, యాభై మూడోది రాసుకొచ్చా, నాలుగు పేజీలు. వేస్తే ఇదొక్కటే వెయ్యి. టైపు చెయ్యి."

"నా వల్ల కాదక్కా."

"ఎందుకు కాదు? యాభై రెండు అబద్ధాలు కొట్టిన చేతులేగా."

"స్టేషన్ రోడ్డులో హబీబుల్లా ఉన్నాడు. ఫోన్ చేసి చెప్తా, అరగంటలో చేసిస్తాడు."

"బావంటే నీకిష్టం, నాకు తెలుసు. రెండిళ్ళకీ మధ్యన ఒకటే గోడ, అయినా నీకేం తెలియదు పాపం. తెలియనిచ్చేవాడు కాదు. చెయ్యి లేపే ముందు టీవీ సౌండు పెంచేవాడు. ఏంది, అట్టా తల దించుకున్నావు?"

"టీవీ సౌండు పెరిగితేనే మాకు తెలిసేది అక్కా."

"మాకు అంటే?"

"మా ఇంట్లో."

"మీ ఇంట్లోనేనా?"

"ఎదురింటి ఆంజనేయులు మామకి. తిరుపతమ్మత్తకి. ఒక ఆదివారం మధ్యాహ్నం మీరు నా పేరు పెట్టి కేకేశారు. చెప్పులేసుకుని మీ గేటు దాకా వచ్చా. మామ అప్పటికే అక్కడ నిలబడున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకురా అన్నాడు. ఇద్దరం వెనక్కి తిరిగొచ్చాం."

"వినపడలేదేమో అనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా."

"వినపడింది. అందుకే మిమ్మల్ని రాయమన్నా. మీరు మంచిగా రాస్తే, మేం విన్నది అంత పెద్దదేం కాదులే అనుకోవచ్చని. మొదటి వారం ఆ వాక్యం నేనే తీశానక్కా. మీ వ్యాసం వచ్చిన రోజు మాకందరికీ కంటినిండా నిద్ర పట్టేది."

"నిద్ర పట్టేదా మీకు?"

"తిట్టండక్కా."

"తిట్టను. ఆ ఫైలు మూసెయ్యి. కొత్తది తెరువు."

"ఆ నాలుగు పేజీలూ ఇట్టా ఇవ్వండి మరి. కొడతా."

"ఇవి పనికిరావు. వీటిల్లో నేనూ ఆయనా ఇద్దరమే ఉన్నాం. నోటితో చెప్తా, కొట్టు."

"చెప్పండి."

"'మా బజారుకంతా వినపడేది.'"