రెబెకమ్మ పిండి కుండ

కుందుర్పి దగ్గర ఒక ఊరు. శనివారం పొద్దున పాస్టరు ప్రార్థన మందిరంలో చాపలు దులుపుతుంటే, రెబెకమ్మ పక్కింటి తిమ్మక్క వచ్చి గడప బయటే నిలబడింది.

“అదంతా నాకు తెల్దు. ఆ కథ మార్చల్ల నువ్వు, ఓబిలేశా.”

“నా పేరు సమూయేలు, పెద్దమ్మా. బాప్తిస్మం అయి ఆరేండ్లాయ.”

“ఏదన్నా కానీ. మా చేన్లో శెనక్కాయ పీక్కోని పరిగెత్తినోనివి, నాకు ఓబిలేశువే. కథ మార్చు.”

“ఏ కథ?”

“అదే, వానల్లేని కాలంలో ఏలీయా అనే ప్రవక్త మొగుడు పోయిన ఆడమనిషి ఇంటికి పోతాడు చూడు, అది. నువ్వు మైకులో చెప్తాంటే చట్నీ నూరుకుంటా అంతా వింటి. ఇంట్లో పిడికెడు పిండి, చుక్క నూనె ఉండాయంటే, ముందు నాకు రొట్టె కాల్చిపెట్టు అంటాడంట. మంచోడే.”

“పెట్టినాక ఏమాయ, అది చెప్పు. మళ్ళా వాన పడేదాకా ఆమె కుండలో పిండి తరగలేదు, బుడ్డిలో నూనె అయిపోలేదు.”

“అది ఆ ఊర్లో. ఈ ఊర్లో రెబెకాకు గూడా అట్లే జరుగుతాందని ఎందుకు చెప్తివి?”

“జరుగుతాంది గనక. ఈ యేడు శెనక్కాయ రెండు తూర్లు విత్తితే రెండు తూర్లూ ఎండిపాయ. యాడా కూలి ల్యాదు. ఆమె కుండ మాత్రం మూడు నెల్లుగా తరగలేదు. కండ్లారా చూసినా పెద్దమ్మా.”

“ఎవురు పోస్తాండారో గూడా చూస్తివా?”

“దేవుడు పోసేది కండ్లకు కనపడదు.”

“కనపడదు. ఆమె కట్టెలకు పోయినప్పుడు పెరట్లోంచి పోయి పోసేది నేను గనక.”

“ఏమంటివి?”

“విన్యావు గదా. రాగిపిండి. దినాం ఒక చెంబెడు.”

“నువ్వా.”

“నేనే. మూడు నెల్ల కిందట ఒక పొద్దు వాళ్ళింట్లో పొయ్యి రాజలేదు. చేతికిస్తే తీసుకునే మనిషి కాదు, ఆమె పొగరు నీకు తెల్దా. గుట్టుగా పోస్తే తింటాదిలే అనుకుంటి. తిని ఊరుకోకుండా వచ్చి నీకు సాక్ష్యం చెప్పె. నువ్వు మైకు అందుకుంటివి.”

“అట్లయితే అది అద్భుతం కాదా?”

“మా కోడలు ప్రశాంతి కంట్లో పడకుండా మూడు నెల్లు పిండి తెచ్చినా నాయనా. అది అద్భుతం కాదా?”

“ఒక మాట ముందే చెప్పింటే...”

“చెప్పేకి సందిస్తే గదా. రేపు కళ్యాణదుర్గం నుంచి నలభై మంది ఆ కుండ చూసేకి వస్తాండారంట. అందరికీ సంగటి పెడ్తా, తరగని కుండ గదా అని రెబెకా తిరుగుతాంది. నలభై మందికి యాడ తెచ్చి పొయ్యల్ల నేను?”

“ఫ్లెక్సీ గూడా కట్టినారు.”

“బస్టాండులో చూసినా. కుండ కంటే నీ బొమ్మే పెద్దదిగా ఉండాది.”

“అది వాళ్ళే ఏసినారు.”

“సరే. ఇప్పుడే పోయి ఆమెకు చెప్పు. ప్రవక్తలు అప్పుడుండిరి, ఇప్పుడు ల్యారు, ఎవురికీ ఏమీ పెట్టొద్దని.”

“నేను చెప్పలేను.”

“ఎందుకు చెప్పలేవు?”

“చెప్పలేను, అంతే.”

“అయితే ఒకటి చెప్తా. నేను పోసింది పిండే. నూనె నేను పోయలేదు. బుడ్డిలో నూనె గూడా అయిపోలేదంటాది ఆమె. నూనె మాత్రం నిజంగా మీ దేవుడే పోస్తాండాడేమోనని నాకు రోంత భయమాయ.”

“కొంచెం పక్కకు జరుగు పెద్దమ్మా, దుమ్ము.”

“ఓబిలేశా.”

“ఊ.”

“ఇట్ల చూడు.”

“నేను ప్రార్థన చేసేకి పోయినప్పుడు ఆమె కండ్లు మూసుకుంటాది గదా.”

“మూసుకుంటే?”

“అప్పుడు పోసినా.”

“ప్రార్థన చేస్తా చేస్తానే?”

“నోటితో ప్రార్థన, చేత్తో నూనె. పిండి దేవుడే అనుకుంటి పెద్దమ్మా. నూనె అయిపోతే ఆయన మాట సగమే నిజమైనట్లు గదా. ఆయనకు రోంత సాయం చేద్దామని.”

“అందుకేనా ఈ మధ్య వాళ్ళింట్లో అంతసేపు ప్రార్థన చేస్తాండావు?”

“బుడ్డి మూతి సన్నం.”

“నూనె నీకు మాత్రం యాడిది?”

“మా ఇంట్లో తిరగవాత పెట్టి నెలాయ.”

“సరిపాయ. ఇంగ ఇద్దరమూ పోయి చెప్పేద్దాం.”

“ఎట్ల చెప్పల్ల? వాళ్ళాయన పోయినాక ఆమె నోట ఒక పాట విన్యామా? ఇప్పుడు పాడుకుంటా కట్టెలకు పోతాంది. దేవుడు తనను మరిచిపోలేదని. అది మనమే తీసేయల్లనా?”

“అదో, ఆమే వస్తాండాది. నువ్వే చెప్పు.”

“నువ్వే చెప్పు పెద్దమ్మా.”

రెబెకమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

“ఏమక్కా, ఎన్నడూ ల్యాంది ఈడ నిలబడినావు?”

“ఏం ల్యాదు రెబెకా. రేపు నలభై మందంటే... ఆ పిండి...”

“పిండి సంగతా. నాకు తెలుసు అక్కా.”

“ఏం తెలుసు?”

“మీరు రాగులు బరకగా పట్టిస్తారు. మూడో దినమే తెలిసె. నూనె గూడా తెలుసు అయ్యగారూ. ఆమెన్ అని మీరు చేతులు తుడుచుకునేది నా దుప్పటికే గదా.”

“తెలిసి గూడా దేవుడే పోసినాడని మందిలో ఎట్ల చెప్తివి, రెబెకమ్మా? అబద్ధం గదా.”

“అబద్ధం ఎట్లయితాది? ఏలీయా వాగుకాడ దాక్కోనుంటే కాకులు రొట్టె తెచ్చిపెట్టినాయని మీరే చెప్తిరి. కాకికి రొట్టె కాల్చేది తెలుసునా? యాడనో ఒకామె పొయ్యి ముందర కూచోని కాల్చింటాది. ఆమె పేరు ఎవురూ చెప్పలేదు. నేను ఆమెను గూడా దేవుని పక్కనే పెట్టుకున్యా, అంతే.”

“నన్ను కాకి అంటావా రెబెకా?”

“నువ్వు కాల్చినామెవు అక్కా. కాకి అయ్యగారు.”

“బాగుండాది. రేపటి సంగతి చెప్పు. నలభై మందికి తీస్తే మా పిండి డ్రమ్ము ఖాళీ అయితాది. మా కోడలికి తెలిసిపోతాది. తెలిస్తే నన్ను నిలబెట్టి అడుగుతాది.”

“రేపటికి పిండి నిన్ననే వచ్చె. రెండు మూటలు. నూనె క్యాను గూడా.”

“ఎవురిచ్చిరి?”

“చెప్పొద్దన్యారు.”

“రెబెకా. ఎవురు?”

“మీ ప్రశాంతే అక్కా. నువ్వు దినాం తీసినంతా మళ్ళా డ్రమ్ములో పోస్తాండేది ఆమేనంట, శింగనమల పుట్టింటి నుంచి తెప్పించి. ‘అత్తకు మాత్రం చెప్పొద్దు పిన్నమ్మా, నాకు తెలుసంటే సిగ్గుపడి మానుకుంటాది’ అని నాతో ఒట్టేయించుకోని పాయ.”