పుట్టిలోంచి విన్న నాలుగు గోల్స్

గద్వాల, వనపర్తి సంస్థానాలు ఇంకా నడుస్తున్న కాలం. యుద్ధం జరుగుతుండె. చక్కెర కంట్రోల్ దుకాణంల తప్ప దొరక్క, మా ఇంట్ల బెల్లం చాయ్ కాచేటోళ్లం. కృష్ణకు ఇవతలి ఒడ్డున మా ఊరు. అవతలి ఒడ్డు నుంచి మూడు కోసులు నడిస్తే గద్వాల. నడుమ చెన్నయ్య పుట్టి ఎక్కాలె. తోలు కప్పిన పెద్ద గంప లెక్క ఉంటది అది. తెడ్డేస్తే గుండ్రంగ తిరుగుతది. అందుల కూసున్నోళ్లకు ఏ దిక్కు చూస్తున్నమో వాళ్లకే తెల్వదు. పదిమందిని మించి చెన్నయ్య ఎక్కనియ్యడు.

ఆ దినం మిట్టమధ్యాహ్నం మా నాయన కురుమయ్య అరుగు మీద ఉన్నది ముగ్గురే. మా నాయన, పక్క చేను మాసయ్య, గాజుల దుకాణం అబ్దుల్ మజీద్. గుమ్మం వెనక నేను, మజీద్ బిడ్డ సఫియా పల్లికాయ ఒలుస్తున్నం. నేను ఒలుస్తున్న, సఫియా చేతులు ఒలుస్తలేవు. పొద్దుగాల నుంచి ఆమె ముద్ద ముట్టలే.

ఎందుకంటే, ఆమె మొగడు మహబూబ్ గద్వాల తరఫున ఫుట్‌బాల్ ఆడేటోడు. మజీద్ ఇంట్లనే ఉండేటందుకు ఇల్లుటం వచ్చిన అల్లుడు. మామకు ఆ బంతి అంటే మంట. మొన్న మా అరుగు మీదనే మాట అయింది. "వనపర్తోళ్ల మీద గెలిస్తివా, నీ ఇష్టం, ఆడుకో, నేను నోరెత్త. ఓడితివా, బంతి అటక మీద, మలారం నీ భుజం మీద. మల్దకల్ జాతరల ఆడోళ్ల చేతులకు గాజులు తొడుగు" అన్నడు మజీద్. మహబూబ్ సరే అని తలూపిండు. ఇప్పుడు గాజుల మూట, అదే మలారం, మా అరుగు గోడకు ఆనిచ్చి పెట్టి ఉంది. అల్లుని కోసం మజీదే మోసుకొచ్చి పెట్టిండు. ఆట చూసి వచ్చినోడు ఊర్ల ఆయనొక్కడే. ఇంకెవ్వరూ రాలే.

"ఏమాయె మజీద్ భాయ్?" అని అడిగిండు మా నాయన.

"నేనేం గొప్ప పని చెయ్యలే కురుమన్నా," అని మొదలువెట్టిండు మజీద్, చాయ్ గిలాస కింద పెట్టి. "మందికంటె జర ముందుగాల లేచిన, గంతే. ఆట ఒడిసినంక లేస్తే ఏమైతది? నాలుగు వందల మంది ఒక్కపారే లేస్తరు, నాలుగు వందల మంది చెన్నయ్య పుట్టి కాడికి ఉరుకుతరు, పుట్టి పట్టేది పదిమందిని, మిగిలినోళ్లు ఇసుకల కూసొని పొద్దుగూకెదాక ఒకని మొకం ఒకడు చూసుకోవాలె. అందుకే మొదటి ఆటకు నేను ఆఖరు ఈలకంటె ఒక బీడీ తాగేంత ముందుగాల లేచిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పుట్టి దొరికింది," అన్నడు మాసయ్య.

"దొరికింది. కాని నన్ను నలుగురు చూసిండ్రు! రెండో ఆటకు ఆ నలుగురు ఒక బీడీ ముందుగాల లేచిండ్రు, వాళ్లను చూసి నలభై మంది లేచిండ్రు. ఇగ నేను రెండు బీడీలు ముందుగాల లేవాల్సొచ్చె. మూడో ఆటకు వాళ్లు రెండు, నేను నాలుగు. గట్ల పోయి పోయి, ఇప్పుడు నిమ్మబద్దల యాళకే లేస్తున్న."

"నిమ్మబద్దలేంది నడుమ?"

"ఆట సగమైనంక ఈలేసి ఆపుతరు మాసయ్యా. ఆటగాళ్లకు నిమ్మకాయ కోసి బద్దలు పంచుతరు. వాళ్లు చప్పరిస్తుంటరు, నేను చెప్పులేసుకుంట. పన్నెండు ఆటలు చూసిన, ఆ బద్ద చప్పరిచ్చినంక ఏమైతదో కండ్లతోని ఒక్కపారి చూసినోణ్ణి గాదు. మొదట్ల కూసున్న ఆటలల్ల కూడ, బద్దలైనంక నా కండ్లు మంది చెప్పుల మీదనే, ఎవడు ముందుగాల లేస్తడో అని. చూసే పనేంది? నాకు ముందే ఎరుక!"

సఫియా ఒడిల నుంచి పగిలిన గాజు ముక్కలు తీసి గచ్చు మీద పేర్చుడు మొదలువెట్టింది. ఒక కొసకు ఎర్రవి, ఒక కొసకు పచ్చవి. రోజూ మాపటికి మొగడు ఆమెకు గట్లనే పేర్చి చూపిస్తుంటడు. నేను చాలాసార్లు చూసిన. చూసిన గాని ఏం సమజ్ కాలే.

"ఇయ్యాల్టి సంగతి చెప్పు," అన్నడు మా నాయన.

"చెప్తున్న గద! ఆ మైదానానికి రెండు దిక్కుల గుంజలుంటయి. ఒకటి కోట దిక్కు, ఒకటి చింతచెట్ల దిక్కు. మనోళ్లు కొట్టాల్సింది చింతల దిక్కు, వనపర్తోళ్లు కొట్టేది కోట దిక్కు. నిమ్మబద్దల యాళకు వాళ్లది ఒక గోల్ అయింది. కోట దిక్కు. మనోళ్లది సున్న."

"మీ అల్లుడో?"

"ఉరికిండు. పాపం, బాగ ఉరికిండు. బంతి ఒక దిక్కు, వాడు ఒక దిక్కు."

సఫియా తల దించుకున్నది. అరుగు మీద ముగ్గురూ ఆ మలారం దిక్కు చూసిండ్రు.

"ఈలేసిండ్రు. నేను లేచిన. నన్ను చూసి పక్కోడు లేచిండు, వాణ్ణి చూసి వాని పక్కోడు, గట్ల మైదానం మొత్తం లేచింది! వెనక్కి మళ్లి చూస్తే ఏముంది? ఇరవై ఇద్దరు ఆటగాళ్లు, ఈలాయన, ఒక మేక. నేనిగ ఉరుకుడు పెట్టిన. ఎట్లురికిన అంటవు? ఎడమకాలి చెప్పు ఊడింది, అది కిందవడకముందే కుడికాలు పది గజాలు అవతలుంది. రైలు కట్ట పొంటి పోతుంటే రైలొచ్చింది. దాటిన. డ్రైవర్ నాకు సలాం చేసిండు."

"మరి రైలే ఎక్కి రాకపోతివి?" అన్నడు మా నాయన.

"ఆలస్యమైతదని ఎక్కలే."

మాసయ్య గిలాస పట్టుకొని గట్లనే ఉండిపోయిండు, తాగుడు మర్చి.

"చెన్నయ్య కాడికి పోయేటాళకు మైదానంల నిమ్మబద్దలింకా చప్పరిస్తుండ్రు. పుట్టిల కూసున్న. నడినీళ్లకు పోయినం. గప్పుడు వినవడ్డది. హో అని! గోల్ అయినప్పుడు లేచే కేక. కోట దిక్కు నుంచి!"

"ఆగు, ఆగు భాయ్," అన్నడు మాసయ్య. "మైదానంల ఉన్నది ఆటగాళ్లు, ఒక మేక. మందంత నీ వెనకనే ఉరికొస్తుండిరి. మరి కేకేసిందెవరు?"

మజీద్ టోపీ సవరించుకున్నడు. "ఎవరో ఒకరు అరిస్తె చెవులున్నోడు ఎవడైన వింటడు మాసయ్యా. ఎవరూ అరవకున్నా విన్న చూడు, అది నా చెవి!"

"మూడు కోసులు..." అన్నడు మా నాయన మెల్లగ.

"మూడు కోసులే! అదే ఆరు కోసులైతె ఇంకా సాఫుగ వినవడుతుండె, దగ్గరి చప్పుడు నాకు చెవుల గుయ్యిమంటది."

"సరే, పుట్టి గిర్రున తిరుగుతుంటదాయె. చప్పుడొచ్చింది కోట దిక్కా, చింతల దిక్కా, ఎట్ల తెలిసె?" అన్నడు మాసయ్య.

"ఆ మాట అడుగు! పుట్టి తిరిగింది, నేను తిరగలే. నన్ను నడుమ గుంజ చేసుకొని పుట్టి నా చుట్టు తిరిగింది. చెన్నయ్య నా ముందునుంచి ఏడుసార్లు పోయిండు. నా కుడిచెవి కోట దిక్కు, ఎడమ చెవి చింతల దిక్కు, జర కూడ కదలలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో కేక! మళ్ల కుడి చెవికే. కోట దిక్కే. వనపర్తోళ్లది ఇంకో గోల్."

నేను సఫియా మొకం చూసిన, ఏడుస్తదేమో అని. ఏడుస్తలేదు. ఇంతకుముందు కిందున్న ఎర్ర ముక్కల్ని ఒక్కొక్కటే మీది కొసకు పెట్టింది, మీదున్న పచ్చ ముక్కల్ని కిందికి తెచ్చింది. పెట్టి, వాటి దిక్కే చూస్తున్నది. ఎందుకు మార్చిందో నాకు తెల్వలే.

బయట మజీద్ లేచి నిలవడ్డడు. కథ పెద్దదైతే కూసొని చెప్పలేడు ఆయన.

"మూడోది విను కురుమన్నా! ఎవడో బంతిని తన్నిండు. అది కోటగోడ దాటింది, ఊరు దాటింది, జొన్నచేండ్లు దాటింది, మూడు కోసులు ఎగిరొచ్చి సక్కగ నా మీదికి దిగుతున్నది. పక్కకు జరిగితె పుట్టి బోర్లపడతది. చెన్నయ్యది, నాది రెండు పానాలు! ఏం చెయ్యాలె? తల వంచి ఒక్కటిచ్చిన. నా టోపీకి తగిలి అది వచ్చిన తొవ్వనే మళ్లింది. చేండ్లు, ఊరు, కోటగోడ, అన్ని దాటి పోయి ఆ కోట దిక్కు గుంజల నడుమనుంచే దూరింది! హో అని మూడో కేక!"

మాసయ్య వేళ్ల మీద ఏందో లెక్కవెట్టిండు, మళ్ల మొదటినుంచి లెక్కవెట్టిండు.

"మజీద్ భాయ్," అన్నడు మా నాయన, "కోట దిక్కు దూరితె వనపర్తోళ్ల గోల్ అంటివి. దూర్చింది నువ్వంటివి. అంటె నీ అల్లుణ్ణి ఓడగొట్టింది నువ్వేనా?"

మజీద్ టోపీ తీసి చూసుకున్నడు, దాని మీద రాసి ఉన్నదేమో అన్నట్టు. "అది... గాలి మళ్లిచ్చింది. నేను ఇంకో దిక్కే కొట్టిన. ఏదన్న గాని, ఓడిండ్రు. ఓడిన సంగతి పక్కా. మూట భుజానికెత్తాల్సిందే."

గప్పుడు గుమ్మం వెనకనుంచి సఫియా తండ్రిని అడిగింది. మొగోళ్ల నడుమ ఆమె గొంతు వినుడు నాకదే మొదలు.

"అబ్బా, మూడు కేకలూ నిమ్మబద్దలు తిన్నంకనే విన్నవా?"

"ఆఁ. తిన్నంకనే."

"మూడూ కోట దిక్కే?"

"నా గడ్డం మీద ఒట్టు బిడ్డా! కుడి చెవి తప్పు వినదు."

"చిచ్చా, మీరూ విన్నరు గద," అన్నది మా నాయనతోని. తలుపు జర తెరిచి గచ్చు మీది గాజు ముక్కలు చూపించింది. "నిమ్మబద్దలు తిన్నంక రెండు జట్లూ దిక్కులు మార్చుకుంటరు. ఇటోళ్లు అటు, అటోళ్లు ఇటు. ఎండ, గాలి ఒక్కరికే అడ్డం కావద్దని. ప్రతి ఆటల గంతే. బద్దలు తిన్నంక కోట దిక్కు కొట్టేది గద్వాలోళ్లు. మా అబ్బ పన్నెండు ఆటలు చూసిండు గాని అది ఒక్కపారి కూడ చూడలే."

మాసయ్య వంగి ఆ ముక్కల్ని చూసిండు. ఎర్రవి ఇటు, పచ్చవి అటు. "అయితే మూడు గోల్స్ మనయే!" అన్నడు. "మూడు-ఒకటి! గెలిచినం!" అని మళ్ల ఆగి, "కాని నిజంగ విన్నడా?" అన్నడు.

అందరం మజీద్ దిక్కు చూసినం. ఆయన గోడకున్న మలారం దిక్కు చూసిండు. వినలే అంటే అల్లుడు ఓడిండని చెప్పేటందుకు సాక్షి లేడు, ఆయన కథంత నీళ్లపాలు. విన్న అంటే అల్లుడు గెలిచిండు, మలారం మళ్ల తన భుజానికే. బిడ్డ ఎట్ల ఇరికిచ్చిందో ఆయనకు సమజ్ అయిందో కాలేదో, ఇప్పటికీ నాకు తెల్వదు. మొకం మాత్రం వాన నీళ్లల్ల తొవ్వ తప్పిన మనిషి లెక్క ఉండె.

"విన్న!" అన్నడు ఆఖరుకు, గడ్డం ఎత్తి.

"మూడు," అన్నది సఫియా.

"మూడేంది? నాలుగు! నాలుగోది చెప్పనిస్తే గద మీరు! అందుల ఒకటి నా తలతోని అయింది, అది మర్చిపోకుండ్రి."

మలారం ఎత్తి తన భుజానికి తానే వేసుకున్నడు. సఫియా గంపల నుంచి పిడికెడు పల్లీలు తీసి నోట్ల వేసుకున్నది.

పొద్దుగూకేటప్పుడు చెన్నయ్య పుట్టి దిగి మంది ఒక్కొక్కలే ఊర్లకు వచ్చిండ్రు. వాళ్ల నడుమ మహబూబ్, మోకాలికి గుడ్డ కట్టుకొని, చంకల బంతి పెట్టుకొని. మా అరుగు కాడ ఆగి మామకు సలాం చేసిండు.

"మామూ, గెలిచినం. రెండు-ఒకటి."

"నాలుగు," అన్నడు మజీద్.

"రెండే మామూ. రెండూ నేనే కొట్టిన. ఆఖరుకు అయినయి, గప్పటికి నువ్వు లేవు."

"నువ్వు మైదానంల ఉంటివి," అన్నడు మజీద్ మలారం సవరించుకుంట, జాలిగ, "గంత దగ్గర ఉన్నోనికి మిగిలిన రెండు ఎట్ల వినవడ్తయి?"