మా బావ, వంటింటి గోడ

ఏంటే అమ్మడూ, మొహం అలా ముడుచుకు కూర్చున్నావ్? రెండున్నర స్టార్లా? ఎవడు వాడు? పోనీ పూర్తిగా విన్నాడా, సగం విని సగం స్టార్లు ఇచ్చాడా? సరేలే, కళ్ళు తుడుచుకో. మొదటి ఆల్బమ్ అన్నాక ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు. నేనింకా వినలేదు కదా, ఇవాళ వింటా. అయ్యో, ఆ ఫోను నా చెవిలో దూర్చకు తల్లీ, చెవులు బాగానే ఉన్నాయి నాకు. వినడానికి ఓ పద్ధతుంది మన ఇంట్లో, చెప్తాగా. ముందిలా కూర్చుని ఈ చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి. మీ తాతయ్య కూడా ఇదే పీట మీద కూర్చునేవాడు, వీపు ఇదే గోడకి ఆనించి. ఏ తాతయ్యేంటి, మీ అమ్మ వాళ్ళ నాన్న, మా అక్క మొగుడు, నాకు బావ. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకేం తెలుస్తుందిలే.

పగలంతా బీమా ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక అసలు ఉద్యోగం. వారపత్రికకి కొత్త రికార్డుల మీద రాసేవాడు. వారం వారం పత్రిక వాళ్ళు ఓ కట్ట పంపేవాళ్ళు, అట్టల వాసన ఇల్లంతా. కచేరీ పాటలు, డ్రమ్ములు, గిటార్లు, జోలపాటలు, నవ్వుల పాటలు, ఏదొస్తే అది. ముందు గదిలో రికార్డు పెట్టి, ముల్లు ఆనించి, తలుపు దగ్గరగా వేసి, తిన్నగా వంటింట్లోకొచ్చేసేవాడు. వచ్చి ఈ పీట మీద చతికిలబడి మా అక్కకి కూరగాయలు తరిగిపెట్టేవాడు. మా అక్క మొదట్లో మురిసిపోయింది, మొగుడంటే ఇలా ఉండాలి అని అందరికీ చెప్పుకుంది. తర్వాత తెలిసింది, ఆయన వచ్చింది కూరగాయల కోసం కాదు, గోడ కోసం అని. ఉల్లిపాయలు కూడా ఆ గోడ పుణ్యాన తరిగాడు అంటుండేది.

నేను ఓసారి అడిగా, చిన్నదాన్ని అప్పటికి. ఎదురుగా కూర్చుని వినొచ్చు కదా బావా అని. ఆయన మాట నీకు వినిపించాలి, ముక్కుతో మాట్లాడేవాడు, ఒక్కో మాటా తూకం వేసినట్టు. "ఎదురుగ్గా కూర్చుని పాట వినేదెవరే మరదలా? పాడినవాడి తల్లి. మిగతా లోకం అంతా అంట్లు తోముకుంటూ, పిల్లల్ని కసురుకుంటూ పక్క గదిలో ఉంటుంది. గోడ దాటొచ్చి వాళ్ళ చేతిలో పని ఆపించిందా, అది పాట. లేదా, అది చప్పుడు." అదీ ఆయన సిద్ధాంతం. ఇంక చూడు, ఏది రాసినా గోడే. పాటగాళ్ళంతా ఆయన్ని గోడాయన అనేవాళ్ళు వెనకాల. ముందర కూడా అనేవాళ్ళేమో, ఆయన పట్టించుకునే రకం కాదు.

కొన్ని నాకు నోటికొచ్చు. గిటార్ కుర్రాళ్ళ రికార్డు ఒకటొస్తే, "నలుగురూ ఒకేసారి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఇరుక్కుపోయారు" అని రాశాడు, అంతే, ఇంకో వాక్యం లేదు. జోలపాటల రికార్డుకేమో, "నిద్ర పట్టిన మాట నిజం, పాడే ఆవిడకి." పెద్ద పేరున్న గాయకుడు ఒకాయన వరసగా మూడోది విడుదల చేస్తే, "కూర అదే, గిన్నె మారింది." ఆ దెబ్బకి ఆ గాయకుడు పత్రికాఫీసుకెళ్ళి బల్లలు గుద్దాడట. మెచ్చుకోడా అంటే మెచ్చుకునేవాడే. ఎవరో వేణువు ఒక్కటే పెట్టి చేశారు, వెనకాల తాళం కూడా లేదు. ఆ రోజు నేనిక్కడే ఉన్నా. బీరకాయ సగం చెక్కి కత్తి అలా గాల్లో పట్టుకుని ఉండిపోయాడు. అక్క "కూర మాడుతోంది, ఆ ముక్కలిటివ్వండి" అని అరుస్తున్నా ఉలుకూ లేదు పలుకూ లేదు. మర్నాడు రాశాడు, "గోడ దాటింది. పెరడు దాటింది. పక్కింటావిడ కిటికీ తీసింది. నేను చెప్పడానికేం లేదు, ఆవిణ్ణడగండి." ఆ రికార్డు అంగళ్ళలో దొరకలేదంటే నమ్ము.

డ్రమ్ములవాడి సంగతి చెప్పానా నీకు? మనిషి బీరువాలా ఉంటాడు. వాడి రికార్డుని ఈయన "గోడ పగిలింది గానీ పాట రాలేదు" అన్నాడు. వాడు తిన్నగా ఇంటికొచ్చేశాడు కొట్టడానికి. "ఎక్కడ ఆయన, ఎక్కడ" అని గుమ్మంలోనే కేకలు. మా అక్క భయపడి దేవుడా అంటుంటే, ఈయన తాపీగా "రా నాయనా, లోపలికి రా, ఈ వెల్లుల్లి వలువు" అని వాణ్ణి ఇదే పీట మీద కూర్చోబెట్టి, ముందు గదిలో వాడి రికార్డే పెట్టొచ్చాడు. వాడు వలుస్తూ విన్నాడు. కాసేపటికి తలెత్తి, "ఇది నాదేనాండీ?" అన్నాడు, పాపం. వెల్లుల్లి మొత్తం వలిచిపెట్టి, కాఫీ తాగి వెళ్ళాడు. తర్వాత చేసిన రికార్డు బాగుందిలే, అది గోడ దాటింది. ఏం చెప్తున్నా నేను? ఆ, నా సంగతి. దానికే కదా ఇదంతా.

నీకెవరూ చెప్పలేదా? నేనూ ఒక రికార్డు ఇచ్చానే. నవ్వకు, నిజం. మా అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అక్కా బావే, పాట నేర్పించింది కూడా ఆయనే, సంగీతం మాస్టారి దగ్గరికి సైకిల్ మీద దింపి బయట అరుగు మీద కూర్చునేవాడు. ఇరవై రెండేళ్ళకి చిన్న కంపెనీ ఒకటి పిలిచి పాడించింది. అటూ ఇటూ కలిపి ఎనిమిది పాటలు. అది బాగా పోతే ఇంకోటి చేద్దాం అన్నారు. బాగా పోవాలంటే ఎవరు మెచ్చుకోవాలి? ఈయనే. అక్క ముందే చెప్పేసింది, "చూడండి, ఊరందరినీ ఏమన్నా అనండి, దీన్ని మాత్రం ఒక్క మాటన్నా నేనూరుకోను." ఆయన తలూపాడు, ఔననో కాదనో తెలియకుండా. ఆ తలూపుడు మా ఇంట్లో ఒక రోగం.

ఆ సాయంత్రం రికార్డు పెట్టాడు. తలుపు వేశాడు. వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. నేను అదిగో ఆ పొయ్యి పక్కన నిలబడ్డా. ఆయన వంకాయలు తరుగుతున్నాడు. మొదటి పాట అయింది, తరుగుతూనే ఉన్నాడు. రెండోది అయింది, తరుగుతూనే ఉన్నాడు. ఆ కత్తి చెక్క మీద టకటకమంటుంటే నా గుండె మీద తరుగుతున్నట్టుంది. మూడో పాట మధ్యలో కత్తి పక్కన పెట్టేశాడు. చేతులు తుడుచుకుని లేచి, తలుపు తీసుకుని ముందు గదిలోకెళ్ళి, కుర్చీ లాక్కుని రికార్డు ఎదురుగా కూర్చున్నాడు. చివరిదాకా కదల్లేదు, రెండో వైపు తిప్పి అదీ విన్నాడు. మా అక్క నన్ను వాటేసుకుంది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెయ్యని మర్యాద నీకు చేశాడే అంది. నాకా రాత్రి నిద్ర పడితే ఒట్టు. రెండో రికార్డు అట్ట మీద ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఆలోచించేశా.

పత్రిక వచ్చింది. అక్కే గట్టిగా చదివింది, చదువుతూ చదువుతూ గొంతు సన్నగిల్లిపోయింది. "ఈ రికార్డు గోడ దాటలేదు. అమ్మాయి మైకుకి భయపడి పాడింది, మనుషులకి పాడలేదు. దాటలేదు కాబట్టి నేనే గోడ దాటి వెళ్ళి ఎదురుగా కూర్చుని విన్నాను. కనుక నా మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోవద్దు." అంతే. కంపెనీ వాళ్ళు మొదటి ముక్క లెక్కలోకి తీసుకున్నారు, ఆఖరి ముక్క వదిలేశారు. రెండో రికార్డు లేదు, పాడు లేదు. చీరా లేదు.

అబ్బో, అక్క కోపం చూడాలి. వారం రోజులు ఆయన కూరలో ఉప్పు వెయ్యలేదు. ఎలా ఉంది అని మళ్ళీ పనిగట్టుకుని అడిగేది. ఆయన తలొంచుకుని తింటూ "బాగుంది" అనేవాడు. ఆయన జన్మలో ఇచ్చిన దొంగ తీర్పు అదొక్కటే. నేనా? నేను ఆయనతో మాట్లాడ్డం మానేశా. మాట్లాడ్డం మళ్ళీ మొదలెట్టా గానీ, పాడ్డం మానేశా. ఈ ఇంట్లో నా నోట పాట రాదు అని ఒట్టేసుకున్నా. బడిలో ఉద్యోగం, లెక్కలు చెప్పుకోవడం, అంతే. ఆయన ఎప్పుడూ పాడమనలేదు. క్షమించమనీ అనలేదు. మొండికి మొండి, సరిపోయాం ఇద్దరం. కోపంగానే ఉండేది నాకు, దాచుకోవడం ఎందుకు. పెంచినవాడివి, నాలుగు మంచి ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది అనుకునేదాన్ని.

తర్వాత చాలా ఏళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పోయింది, మాట పోయింది. మంచం ముందు గదిలో వేశాం, గోడకి ఆనించి, అటు పక్కన. ఒక మధ్యాహ్నం అక్క మందులకెళ్ళింది. నేనిక్కడ గిన్నెలు తోముతున్నా. తోముతూ తోముతూ ఏదో పాడుతున్నానని నాకే తెలీదు. నా రికార్డులోదే, మూడో పాట. ఇంతలో గోడ మీద టక్కు టక్కుమని చప్పుడు. నీళ్ళకనుకుని గ్లాసుతో పరిగెత్తా. తల అడ్డంగా ఊపాడు. దుప్పటా? కాదు. అక్కని పిలవాలా? కాదు. విసుగొచ్చేసింది మహానుభావుడికి. కుడి చెయ్యి ఎత్తి గోడని చూపించాడు. తర్వాత నా గొంతు వైపు చూపించాడు. తర్వాత అరచెయ్యి బోర్లించి, వంటింటి వైపు నుంచి గోడ మీదుగా తన వైపు దూకించాడు, పిల్లి దూకినట్టు. నాకర్థమయ్యేసరికి గ్లాసులో నీళ్ళు నా చీర మీద ఉన్నాయి. నేను ఏడ్చా, ఆయన సగం మొహంతో నవ్వాడు. ఆ తర్వాత రోజూ ఇక్కణ్ణుంచి పాడేదాన్ని, గిన్నెలున్నా లేకపోయినా. అన్నిటికీ కొట్టేవాడు కాదు సుమా. బాగా లేకపోతే గోడ అలా ఊరుకునేది, నేను మళ్ళీ మొదలెట్టేదాన్ని. అదే, ఎదురుగా కూర్చుని వినేది పాడినవాళ్ళ తల్లి అన్నాడు కదా. ఆ రోజు కుర్చీ లాక్కుని వెళ్ళి కూర్చున్నది ఎందుకో నాకు అప్పుడు గానీ తట్టలేదు.

సరే, ఈనెలు చాలు, ఆ పళ్ళెం ఇటివ్వు. వెళ్ళు, నీ పాటలు ముందు గదిలో పెట్టు. తలుపు దగ్గరగా వెయ్యి. మరీ గట్టిగా పెట్టకు, గట్టిగా పెడితే డ్రమ్ములవాడైనా దాటుతాడు. నువ్వూ అక్కడే కూర్చో, ఇక్కడికొచ్చి నా మొహం చూస్తూ నిలబడకు. నా పని నన్ను చేసుకోనీ.

ఏంటే, అలా పరిగెత్తుకొచ్చావ్? పాట ఆపేశావెందుకు మధ్యలో? చప్పుడా? ఏం చప్పుడు? ఓ, అదా, గరిటె చెయ్యి జారి గోడకి తగిలింది. రెండుసార్లా? అయితే రెండుసార్లు జారిందేమో, వయసైపోవడం లేదూ. నన్నలా చూడకు. ఇదిగో, కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేదు, కాస్త నోట్లో వేసుకుని చెప్పు. నిజం చెప్పు.