గేటు నించి వంతెన దాకా

ఆంధ్ర రాజధాని కర్నూలుకు పోయిన తరువాత, మద్రాసులో బకింగ్‌హాం కాలవ పొంగి తొండియార్‌పేట లైను పక్క గుడిసెలను ముంచిన ఏడాది అది. నీళ్ళు దిగి ఇంకా నెల కాలేదు. సాయంత్రం ఇంజను షెడ్డు ఎదుట నాయరు టీకొట్టు బెంచీ మీద గూడ్సు డ్రైవర్ని నేను, పక్కన నా ఫైర్‌మన్ ఏళుమలై. ఆ గుడిసెల్లో ఉండే మునియక్క వచ్చి మా ముందు నిలబడింది.

"రాయి వేసిన చెయ్యి ఇదేనా అక్కా? ఏదీ, ఇట్లా చూపించు. దండం పెట్టుకుంటా."

"ఏళుమలై, ఊరుకో."

"నేనెందుకన్నా ఊరుకోవాల? కట్టు ఉండేది నా తలకు కదా! డ్రైవరు చెంగల్రాయుడికి గురి పెడితే ఫైర్‌మన్ ఏళుమలైకి తగిలింది. అంత పెద్ద ఇంజన్లో నీకు నా తలకాయే దొరికిందా అక్కా?"

"నిన్ను చూసి వెయ్యలా నాయనా. ఆ ఇంజను కూత మీద వేసినా."

"విన్నావా అన్నా? కూతను రాయి పెట్టి కొట్టిందంట!"

"తప్పే. చెయ్యి ఆగలా. కూత వినపడింది, బిడ్డ విల్లు మాదిరి వంగిపోయింది. తలా మడమలే చాప మీద ఉండాయి, నడుమంతా పైకి లేచిపోయింది. పళ్ళు కరుచుకోని... నేను వాకిట్లోకి వచ్చి పడినా. చేతికి రాయి దొరికింది."

"సరే అక్కా. ఆ మాట అయిపోయింది. ఫోర్‌మన్ దొరకు నీ పేరు చెప్పలా. ఎవురో తెలీదని చెప్పినా. కూర్చో."

"నిలబడే ఉంటా."

"టీ తాగతావా?"

"వద్దు తమ్ముడా. నేను వచ్చింది..."

"తెలుసు. కూత ఆపమనే కదా. మొన్నా అదే, అంతకు ముందూ అదే. నా చేతిలో లేదక్కా."

"అది కాదు, నేను చెప్పేది..."

"అన్న చెప్పిందే మేలక్కా. ఆయన నోరు తెరిచి రెండు మాటలు చెప్పడమే ఎక్కువ, మిగతాది నేను చెప్తా. నీళ్ళు వచ్చినప్పుడు మీవాళ్ళంతా గుడిసెలు పీక్కోని యాడికి వచ్చినారు? లైను గట్టు మీదికి. నీళ్ళు దిగినాయి. మీరు దిగినారా? దిగలా. చాప పట్టాల కాడ, పొయ్యి పట్టాల కాడ. కొళాయి మాత్రం పట్టాలకు ఆ పక్క. పొద్దున మా బండి హార్బరుకు పోయే పొద్దుకే ఆ కొళాయిలో నీళ్ళు వస్తాయి. ఆడోళ్ళంతా బిందెలు పట్టుకోని మా చక్రాల ముందర. అందుకు కదా ఆర్డరు వేసినారు, గేటు నించి వంతెన దాకా కూత ఆపగూడదని!"

"తెలుసు నాయనా. మా మంచికే."

"ఆ, మీ మంచికే! నువ్వే చెప్తా ఉండావు."

"ముందర నేను గూడా సంతోషపడినా, ఆర్డరు వచ్చిందంటే. ఆ బిడ్డే చెప్పింది, ఇంక మేలమ్మా, నిమ్మళంగా నీళ్ళు తెచ్చుకోవచ్చు అని. తరువాత కదా బురదలో పీపా ఇనప పట్టీ దాని కాల్లో దిగింది."

"మంజల్ పెట్టి కట్టినారా దానికి?"

"పసుపూ పెట్టినా, సున్నమూ పెట్టినా. మాని కూడా పోయింది పుండు. మానినాకనే దవడ పట్టుకుంది."

"ఆ ఆఫీసర్ల బంగళాల కాడ మాత్రం కూత తగ్గించినారు కదా అన్నావే మొన్న. నాకు రోషం వచ్చింది అక్కా ఆ మాటకు. ఆడ గోడ ఉండాది. గోడ ఉండే చోట మనుషులు పట్టాల మీదికి రారు, కూత పని లేదు. మీకు గోడ కట్టేది ఎవురు?"

"ఎవురూ కట్టరు నాయనా."

"మీవాళ్ళనే అడగమని అన్న చెప్పినాడే, నీళ్ళకు కొంచెం ముందరో వెనకో పోండి అని. అడిగినావా?"

"ఇల్లిల్లూ అడిగినా. నీ బిడ్డ కోసం మా బిడ్డల్ని చక్రాల కింద పెట్టమంటావా అనింది ఒకామె. దానికి గాలి పట్టింది, వేపాకు కొట్టించు, తప్పెట కొట్టించు అనింది ఇంకొకామె. చప్పుడు వద్దంటే తప్పెట కొట్టించమంటాది!"

"స్టేషన్ మాస్టరు?"

"మంచిగానే మాట్లాడినాడు. తల్లీ, కూత ఆపించే అధికారం నాకు లేదు, పైన చెప్పుకో అన్నాడు. పైన అంటే యాడ అంటే, ఇంకా పైన అన్నాడు."

"బండి నిలిపేస్తే ఏంది అని నన్ను అడిగినావు. నిలబెడితే కూత అక్కా. మళ్ళా కదిలిస్తే కూత. సిగ్నలు పడకుంటే కూత. గేటు వేసుంటే కూత. ఏమీ లేకుంటే, ఏమీ లేదని గార్డుకు తెలిసేదానికి ఇంకో కూత. ఆ ఇంజన్లో కూత లేకుండా చేసే పని బీడీ కాల్చుకోవడం ఒకటే."

"చాల్లేరా."

"ఉన్నదే కదన్నా."

"బిడ్డ పంకజం ఎట్లుండాది అక్కా?"

"పడుకోనుండాది."

"గంజి దిగతా ఉండాదా?"

"రాత్రి గుడ్డ తడిపి పెదవులకు పెట్టినా. తెరుచుకోలా."

"డాక్టరు వచ్చినాడా?"

"వచ్చినాడు. చూసినాడు. పోయినాడు."

"ఏమన్నాడు?"

"ముందర చెప్పినాడు కదా. ధనుర్వాతం, గది చీకటిగా పెట్టు, చప్పుడు పడనీకు, బండిలో వేసి ఆస్పత్రికి తీసకపోతే ఆ కుదుపుకే పోతుంది, కదిలించద్దు అని. తలుపుకు బొంతలు కట్టినా. చెవుల్లో దూది పెట్టినా. కూత దూదిని లెక్కపెడతాదా?"

"అది ముందర. ఈ పొద్దు ఏమన్నాడు?"

"ఈ పొద్దు ఏమీ అనలా. ఫీజు కూడా తీసుకోలా."

"మంచి మనిషి అక్కా. ఈ కాలంలో ఎవురు వదులుకుంటారు?"

"ఆ. మంచి మనిషి."

"మీ ఆయన?"

"ఎన్నూరు ఉప్పు మళ్ళకు కబురు పంపించినా. రాత్రికి వస్తాడు."

"మంచి పని చేసినావు. ఒక్కదానివే ఎంతని చూస్తావు."

"తమ్ముడా, మధ్యాన్నం తిరుగు బండికి కూత సగమే వేసినావంటనే?"

"ఎవురు చెప్పింది?"

"అందురూ అంటా ఉండారు. గేటు కాడ వేసినాడు, మన ఇండ్ల కాడ విడిచేసినాడు, వంతెన కాడ మళ్ళా అందుకున్నాడు అని."

"చూసినావా అన్నా! నేను అప్పుడే అంటిని కదా! అక్కా, మెల్లగా మాట్లాడు. గార్డు ఆ మూల సోడా తాగతా ఉండాడు. బండి తోకలో కూర్చోని గూడా ఆయన చెవులు ఇంజన్లోనే ఉంటాయి. దిగంగానే అడిగినాడు, ఏం రాయుడూ, ఆవిరి తక్కువా అని. కూత తాడు చేయి జారింది అన్నాడు అన్న. ఇన్నేండ్లలో ఈయన చేయి ఎప్పుడన్నా జారిందా?"

"మళ్ళా జారదులే."

"జారితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో క్వార్టర్సు పోతుంది. ఇంటినిండా బిడ్డలు, మంచాన ముసలమ్మ. అది గూడా వదిలెయ్యి. కూత లేని చోట ఎవురన్నా బిందెతో అడ్డం వస్తే? జైలుకు పోతాడు. జైలు గూడా వదిలెయ్యి, ఆ బిందె పట్టుకున్నామె?"

"అందుకే వచ్చినా తమ్ముడా. ఆ సగం కూత..."

"అక్కా, ఒక మాట అడగతా."

"అడుగు."

"నేను సగం వేసినందుకు... మధ్యాన్నం ఏమన్నా మేలుగా ఉండెనా?"

"మధ్యాన్నమా?"

"బిడ్డ వంగిందా అంటా ఉండా."

"లేదు."

"వంగలా?"

"వంగలా. ఉలిక్కిపడలా."

"అన్నా! విన్నావా! ఐయ్యయ్యో అక్కా, ఆ మాట ముందర చెప్పగూడదా! నాయరే, మూడు టీ పోయి! చక్కెర గట్టిగా వెయ్యి!"

"వద్దు ఏళుమలై..."

"తాగక్కా. పగిలిన తల నాది, పోయించేది నేను, నీకేంది?"

"బండి వచ్చేది మాకంటే ముందర దానికి తెలుస్తా ఉండె. మాకు వినపడకముందే కండ్లు గేటు పక్కకు తిరిగిపోయేవి. బండి దడదడకు ఏమీ లేదు, ఆ దడదడలోనే పుట్టింది, దానికి అది ఉయ్యాల మాదిరి. కూతకే. కూత ఇంకా రాకముందే చేతి వేళ్ళు ముడుచుకోని ఎదురు చూసేది. మధ్యాన్నం... కండ్లు గూడా తిరగలా."

"తగ్గతా ఉండాది అక్కా! సగం కూతకే ఇంత మేలంటే... అన్నా, ఏంది అట్లా చూస్తా ఉండావు? వద్దు. ఆ చూపు నాకు తెలుసు. వద్దు."

"రేపు పొద్దున గేటు కాడ బండిని నడక అంత నిదానం చేస్తా."

"చేసి?"

"నువ్వు దిగు. ఎర్రజెండా పట్టుకోని ముందర నడువు. పట్టాల మీద ఎవురుంటే వాళ్ళను భుజం పట్టి పక్కకు జరుపు. అరవద్దు."

"నేను? అరవకుండా? పుట్టినాక నేను ఎప్పుడన్నా అరవకుండా నడిచినానా? బొగ్గు ఎవురు వేస్తారు?"

"నేనే వేస్తా."

"గార్డు రాస్తాడు."

"రాయనీ."

"ఇంట్లో వదినకు ఏం చెప్తావు?"

"చెప్పను."

"అన్నా, జ్వరమా నీకు?"

"పొద్దునొక మాటు, మధ్యాన్నమొక మాటు ఆ బిడ్డను నా చేత్తో విరుస్తా ఉండా. తాడు పట్టుకుంటే అది తాడు మాదిరి లేదురా, బిడ్డ జడ మాదిరి ఉండాది. ఇంక నా వల్ల కాదు. అక్కా, రేపు కూత వెయ్యను. నిలిపేదానికీ వెయ్యను, కదిలించేదానికీ వెయ్యను. బిడ్డ లేచి గంజి తాగే దాకా వెయ్యను. పో, ఇంటికి పో. దాని కాడ ఉండు."

"వద్దు తమ్ముడా."

"ఏంది వద్దు?"

"రేపు కూత వెయ్యి."

"అక్కా?"

"సగం కాదు. గేటు నించి వంతెన దాకా నిండుగా వెయ్యి. అది చెప్పాలనే వచ్చినా. సగం వేసినావని విన్నాక భయం పుట్టింది, రేపు పూరా మానేస్తావేమో అని. వచ్చినప్పటి నించీ చూస్తా ఉండా, మాట నోట్లోకి రాలా."

"ఏంది అక్కా నువ్వు చెప్పేది?"

"రాత్రికి వాళ్ళ నాయన వస్తాడు. పొద్దున నీ బండి పొద్దుకే బిడ్డను పట్టాలు దాటించి ఆ పక్క వల్లకాటికి తీసకపోతాము. తప్పెట్లు కొడతా ఉంటారు. ఆ మోతలో మోసేవాళ్ళకు బండి వచ్చేది తెలీదు. వాళ్ళంతా ఒకరి బిడ్డలే కదా."

"ఎప్పుడు?"

"మధ్యాన్నం నీ బండి రాకముందే. టీ చల్లారిపోతా ఉండాది ఏళుమలై, నువ్వన్నా తాగు."

మర్నాడు పొద్దున గేటు కాడ పట్టుకున్న కూత తాడు వంతెన దాకా వదల్లేదు. పాడె మోసేవాళ్ళు విని, పక్కకు నిలబడి, నా బండికి దారి ఇచ్చారు.