తువ్వాలు కింద జావా

పరదేశి టీ కొట్టు బల్ల మీద మామిడి వ్యాపారి వీరభద్రరావు గారు కూర్చున్నారు. ఈ సీజన్‌కి తన కొట్టుకి ఆన్‌లైన్ ఆర్డర్ల పేజీ ఎవరితో చేయించాలో ఇవాళ తేల్చెయ్యాలి. ఆ పని తనకే రావాలని, జావా భాషలో కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే క్రాంతి కుమార్ పొద్దున్నుంచీ ఆయన్ని వదల్లేదు. చివరికి, మామిడి యార్డులో ధర పైవాళ్లకి తెలీకుండా వేళ్లతో బేరమాడినట్టే, ఇద్దరి చేతులూ తువ్వాలు కిందకి చేరాయి. ఇక ఆయన వేలు పట్టుకుంటే బేరం కుదిరినట్టే.

"జావా అంటే మన మామిడి బేరమేనండీ. పేజీలో మూడు గళ్లుంటాయి, పేరు, ఊరు, ఫోను. కొనేవాళ్లు నింపి బటన్ నొక్కితే, ఆ రాసినవన్నీ సర్వర్‌లో ఉన్న నా జావా ప్రోగ్రాంకి అందుతాయి. పైన అడ్రస్ బార్‌లో అందరికీ కనపడేట్టు పంపొచ్చు, అది యార్డులో అరిచి వేలంపాట పాడ్డం లాంటిది. నేనలా పంపను. లోపల దాచి పంపుతా, ఇదిగో, మనం తువ్వాలు కింద వేళ్లు నొక్కినట్టు. కిందటేడు మైలవరంలో ఒక షావుకారుకి చేసిపెట్టా. మొదటిరోజే అరవై ఆర్డర్లు!"

"అరవయ్యే?" అన్నాడు పరదేశి టీ వడగడుతూ.

"అది టిఫిన్ల వేళకి. మధ్యాహ్నానికి ఆరువేలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకావిడ పేరు సగం టైపు చేసింది, బటన్ ఇంకా నొక్కనే లేదు, ఆగిరిపల్లి తోటలో కాయ తెగి బుట్టలో పడింది! జి. కొండూరాయన ఎవరో వీధి పేరు రాయడం మర్చిపోతే, నా ప్రోగ్రామే బండేసుకెళ్లి ఇల్లు కనుక్కుని వచ్చింది."

"బండికి పెట్రోలెవరు పోశారు?"

"మధ్యలో అడ్డు రాకు పరదేశీ. అన్నన్ని రసాల ఆర్డర్లు వెళ్లేసరికి ఎక్కడో హైదరాబాదులో ఉన్న సర్వర్ మగ్గిపోయిందండీ! ఆ వాసన వైర్ల వెంట తిరిగొచ్చి మన నూజివీడంతా కమ్మేసింది. ఏమాటకామాటే చెప్పాలి, గర్వంగా చెబుతున్నా, పేజీలో రాసింది ఒక్క ముక్క కూడా దారిలో పోలేదు. నా చేతిపని అది!"

వీరభద్రరావు గారు నవ్వి, తువ్వాలు కింద అతని వేలు పట్టుకున్నారు. క్రాంతి మొహం వెలిగిపోయింది.

అవతలి బల్ల మీద పార్శిల్ ఆఫీసు ప్రభాకరరావు టీ గ్లాసు దించాడు. "వాసన మాట నిజమేనండీ. నూజివీడంతా కొట్టింది."

"విన్నారా!" అన్నాడు క్రాంతి.

"అది మా ఆఫీసులోంచి వచ్చిందండీ. ఆ మైలవరం షావుకారు అరవై పెట్టెలు దింపి వెళ్లాడు. ప్రతి పెట్టె మీదా పేరు నల్, ఊరు నల్, ఫోను నల్. ఈ నల్ గారెవరో వస్తారేమోనని పదిరోజులు చూశాం. కాయలన్నీ కుళ్లిపోతే ట్రాక్టర్ పెట్టి పారబోయించా. తర్వాత తెలిసిందేంటంటే, ఈయన కోడులో ఏ గడికీ జావా గుర్తుపట్టే పేరే పెట్టలేదంట. పేరు పెట్టని గడిలో ఎంత రాసినా జావాకి అందదంట. అందకపోతే అది నల్, అంటే ఏమీ లేదు, అని రాసుకుంటుందంట."

క్రాంతి గొంతు సవరించుకున్నాడు.

"అరవై పెట్టెల మీదా ఒకటే పేరండీ, ఒక్క అక్షరం తేడా లేదు! పనంటే అలా ఉండాలి... అదేంటి వీరభద్రరావు గారూ, వేలు వదిలేశారేం?"