మలుపు దగ్గర నలభై అడుగులు

కంటి ఆస్పత్రి వరండాలో పొద్దున పది గంటలు. కంట్లో చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకు కూర్చున్న అక్క బట్టలు కుట్టే మనిషి, ఎడమ చేతికి పిండికట్టు ఉంది. పక్కనున్న తమ్ముడు రంగుల మేస్త్రి. పార్కు నడకదారికి చీకట్లో వెలిగే రంగు వేసింది అతనే. మొన్నటిదాకా ఆ మాట పదిమందికి చెప్పుకున్నాడు, ఇప్పుడు ఎవరూ అడక్కుండా ఉంటే చాలనుకుంటున్నాడు.

"తెరవకక్కా. అరగంట మూసుకునే ఉండమంది నర్సు."

"తెరవలేదురా, రెప్ప దురద పెడితే రుద్దుకున్నా. నువ్వు వెళ్ళు, పనికి ఆలస్యమవుతుంది."

"ఇవాళ పని లేదు."

"నిన్నా లేదన్నావు."

"నిన్నా లేదు."

"దారికి అంత పేరొచ్చాక కూడానా? మా షాపులో అందరూ అదే మాట. పగలంతా ఎండ తాగుతుందట, చీకటి పడగానే దానంతటదే వెలుగుతుందట, దీపాలు తీసేస్తే కరెంటు ఎంత మిగిలిందో అని. మా తమ్ముడే వేశాడని నేను చెప్పని మనిషి లేడు."

"దాని గురించే అక్కా, నీతో..."

"దాని సంగతెందుకు? చెయ్యి ఎలా ఉందో అడుగు."

"చెయ్యి ఎలా ఉంది?"

"అతుక్కుంటుంది. కళ్ళదే బెంగ. కాజాలు కుట్టేదానికి చూపు పోతే ఇంకేముంది? మిషను అమ్మేస్తానని షాపులో చెప్పేశా."

"చెప్పేశావా? అంత తొందరేమొచ్చింది?"

"మరేం చెయ్యను? వెలిగే దారి నా ఒక్కదానికి కనపడలేదంటే తప్పు ఎవరిదంటారు? షాపు మూసి రోజూ వచ్చినట్టే వస్తున్నా. మలుపు తిరిగానో లేదో, ఎదురుగా బొగ్గు పులిమినట్టుంది. అక్కడ మెట్టు ఉందన్న సంగతి కింద పడ్డాక గుర్తొచ్చింది."

"నీ కళ్ళకేం కాలేదు."

"నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు. రంగు వేసినవాణ్ణి."

"ఊఁ."

"వింటున్నావా?"

"మూసుకున్నది కళ్ళురా, చెవులు కాదు."

"ఆ రంగు కింద ముందు తెల్ల ప్రైమర్ కొట్టాలి. తెలుపు మీదయితేనే వెలుగు పైకి వస్తుంది. నల్లటి సిమెంటు మీద నేరుగా వేస్తే, ఉన్న వెలుగంతా సిమెంటే మింగేస్తుంది."

"కొట్టలేదా?"

"దారంతా కొట్టాను."

"దారంతా కొడితే ఇంకేం?"

"మలుపు దగ్గర కొట్టలేదు. ఒక నలభై అడుగులు. రెండు రోజులు వాన పట్టుకుంది. ప్రైమర్ ఆరాలంటే ఇంకో రోజు కావాలి, తెల్లారితే ప్రారంభం. ఇప్పటికి పైరంగు వేసేద్దాం, తర్వాత గీకి మళ్ళీ వేద్దాం అనుకున్నా. పగలు చూస్తే తేడా తెలియదక్కా. నాకే తెలియదు."

"ప్రారంభానికి నేనూ వచ్చానుగా. మలుపు దగ్గర కూడా వెలిగింది. చప్పట్లు కొట్టాను కూడా."

"వాళ్ళు వచ్చే ముందు గంటసేపు దాని మీద పెద్ద లైటు పెట్టి ఉంచాను. అప్పటికప్పుడు తాగింది కాబట్టి పావుగంట వెలిగింది. ఆలోపు ఫొటోలు అయిపోయాయి."

"తర్వాత?"

"తర్వాత మలుపు దగ్గర దీపం కూడా పీకేశారు."

"నువ్వు చూస్తుండగానే?"

"నిచ్చెన పట్టుకున్నది నేనే."

"నువ్వే పట్టుకున్నావా?"

"ఏమైనా అను అక్కా. తిట్టు."

"ఎవరికీ చెప్పలేదా?"

"మర్నాడు చెబుదామనుకున్నా. మర్నాడు వస్తే, నిన్నెందుకు చెప్పలేదంటారని ఇంకో రోజు. అలా జరిగిపోయింది. నువ్వు పడ్డావని తెలిసి ఆ రోజు ఎముకల ఆస్పత్రికి పరిగెత్తింది కూడా చెప్పేయడానికే. నన్ను చూడగానే నువ్వు, 'నా కళ్ళు పోయాయిరా, నీ దారి కనపడలేదు' అన్నావు. ఇక చెప్పలేదు. లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నా కూడా. అది తల్చుకుంటేనే అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నా."

"మంచినీళ్ళు ఇవ్వు."

"ఇదిగో. కుడిచెయ్యి చాపు. ఆఁ, పట్టుకున్నావా?"

"తోటమాలి చెప్పాడు. నేను పడ్డ సంగతి విచారించడానికి పార్కు ఆఫీసుకు పిలిచినప్పుడు, మలుపు దగ్గర వెలగట్లేదని అందరి ముందూ చెప్పాడు."

"నేనూ ఉన్నాగా అక్కడ."

"ఉన్నావు. తలుపు పక్కన, గోళ్ళలో రంగు గీక్కుంటూ."

"నోరు విప్పలేకపోయా."

"దారి బ్రహ్మాండంగా ఉంది, నాకే చూపు ఆనలేదు, ఇతను అబద్ధాలకోరు అని నేను అన్నాను. అంతే, ఎప్పుడైనా వెలగకపోయినా అది ఇతను ఆకులు ఊడ్వక ఎండ తగలనివ్వకపోవడం వల్లేనని తప్పంతా అతని మీద వేసి పనిలోంచి తీసేశారు. పదిహేనేళ్ళ నుంచి ఆ చెట్లన్నీ పెంచినవాణ్ణి."

"తెలుసు. ఇవాళే వెళ్ళి చెప్పేస్తా. ముందు నీకు చెప్పాలని ఇక్కడికొచ్చా. ఇక ముందు నాకెవరూ పని ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. అతని ఇంటికి కూడా వెళ్తా, కాళ్ళు పట్టుకుంటా."

"వెళ్ళు."

"నీ మీద మాట రానివ్వను. మా అక్కకేం తెలియదు, నిజంగానే కళ్ళు పోయాయనుకుని అలా అంది అని చెబుతా."

"అది చెప్పకు."

"అదేంటి? అదే కదా జరిగింది?"

"ఈ ఆస్పత్రికి రావడం నాకిది రెండోసారి."

"రెండోసారా? ముందు ఎప్పుడొచ్చావు?"

"ఆఫీసులో పిలిచారే, దానికి ముందు రోజు. పెద్ద డాక్టరే చూశాడు. నీ కళ్ళకేంటమ్మా, ఇంకో ఇరవై ఏళ్ళు కాజాలు కుట్టుకో అన్నాడు."

"మరి మర్నాడు అలా..."

"నీ మొహం చూశాను. తోటమాలి మాట్లాడుతున్నంతసేపూ నీ మొహమే చూశాను. ఏం చేశావో తెలియదు కానీ, ఏదో చేశావని తెలిసింది."

"తెలిసే అన్నావా? అక్కా, అన్నీ తెలిసే అతన్ని..."

"తెలిసే అన్నాను."

"కళ్ళు బాగుంటే ఇవాళ మళ్ళీ ఎందుకొచ్చావు? ఈ చుక్కలెందుకు?"

"ఆ డాక్టరు పొరబడి ఉంటాడేమో, నా కళ్ళు నిజంగానే పోయాయని ఈసారైనా చెబుతారేమో అని వచ్చానురా."