పన్నెండు తప్పులు

విశాలకి పన్నెండు తప్పులు, నాకు ఒక్కటీ లేదు. అలాంటప్పుడు కడుపు మండాల్సింది నాకు కాదు కదా? హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని, మా పియానో సార్ ఆమెకి పంపిన మెసేజ్‌ని ఆమె ఫోన్లోనే మూడోసారి చదువుతున్నాను.

“నీకేం రాశారు?” అని అడిగింది విశాల.

“చాలా బాగుందని రాసిన్రు.”

“అదృష్టవంతురాలివి. నాకైతే ఈ లిస్టు చూసి ఏడుపొచ్చింది.”

“ఏడ్సుకుంటనే పొద్దున్నుంచి అందరికీ చూపిస్తున్నవ్.”

“అదేంటి, అలా అంటావు?”

“ఇద్దరం ఒకటే పీస్ వాయించినం, ఒకటే రోజు రికార్డింగ్ పంపినం. నీది ఎన్నిసార్లు విన్నరంట?”

“ఐదుసార్లట. పెడల్ మీంచి కాలు ఎక్కడ తియ్యాలో సెకన్లతో సహా రాశారు.”

“నాది నాలుగు నిమిషాలుంటది. పంపిన నిమిషానికే జవాబొచ్చింది.”

విశాల టీ కప్పు కింద పెట్టింది.

“పోనీ, నా లిస్టు నీకు పంపనా? పనికొస్తుందేమో.”

“నీ తప్పులు నాకెందుకు?”

“అయితే సార్‌నే అడుగు.”

“అడిగి తిట్టించుకోవాల్నా?”

మీటింగ్ ఉందంటూ విశాల లేచి వెళ్ళిపోయింది. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నా రికార్డింగ్ మొత్తం విన్నాను. మూడో నిమిషంలో ఎడమ చెయ్యి స్పష్టంగా వెనకబడింది.

“సార్, మూడో నిమిషంలో నా ఎడమ చెయ్యి వెనకబడింది. మీరు వినలేదు,” అని రాశాను. చివరి వాక్యం తీసేశాను. మళ్ళీ పెట్టి, పంపించాను.